కంచె నాటే ముందు

చి.ల.సౌ. బుజ్జికి,

మీ అత్తయ్య ఆశీర్వదించి రాయడమేమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీవు, అల్లుడుగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

మొన్న మీ నాన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పినప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. నలభై ముగ్గురు పిల్లలు, ఇద్దరు టీచర్లు, రెండు గదులు ఉన్న మండల పరిషత్ బడిలో వేపచెట్టు కింద అరుగు కట్టించి, కూరగాయల మడులు చేయించి, ప్రహరీ లేని రెండు వైపులా పచ్చని కంచె నాటించి, ఆవరణ మొత్తాన్ని పాఠం చెప్పే చోటుగా మార్చాలని సంకల్పించావని, అందుకోసం వచ్చే ఆదివారం ఊరివాళ్ళతో శ్రమదానం కూడా పెట్టుకున్నావని విన్నాను. మీ తాతయ్య చింతచెట్టు కింద ఇసుకలో అక్షరాలు దిద్దించారు. నేను ముప్పై ఆరేళ్ళు సుద్దముక్క పట్టుకున్నాను. ఇప్పుడు నీవు బడిని మళ్ళీ చెట్టు కిందికి తీసుకువస్తున్నావు. చాలా గర్వంగా ఉంది. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది, ఆ భయం ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీవు పంపిన ఫోటోను మీ తమ్ముడి చేత పెద్దది చేయించి చూశాను. ముగ్గుపిండితో గీసిన గీతలు చక్కగా ఉన్నాయి. ఎడమ మూల, చేతిపంపు పక్కన, చేతికర్రలంత పొడవున్న కొమ్మలు మోపుగా కట్టి గోడకు ఆనించి ఉన్నాయి. కంచె కోసం తెప్పించినవే అయి ఉంటాయి. అవి ఏ చెట్టు కొమ్మలో నాకు ఫోటోలో తెలియలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, పాఠంలో ఉన్నావేమో ఎత్తలేదు. అందుకే ఈ కాగితాలు రాసి, ఫోటోలు తీసి నీకు పంపమని మీ తమ్ముడికి ఇస్తున్నాను. మొత్తం చదివే తీరిక లేకపోయినా ఇదొక్కటి చెయ్యి. ఆ మోపు ఏమిటో తెలిసేదాకా ఒక్క కొమ్మ కూడా నేలలో గుచ్చనివ్వవద్దు.

మామూలు సంగతులు నీకు వివరించనవసరం లేదు. కమిటీ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి ఎంఈఓ గారికి ఒక కాపీ ఇవ్వు. గుంతలు తవ్వడం, మొక్కలు నాటడం ఉపాధి హామీ పనుల్లో పెట్టమని గ్రామసభలో అడుగు. విరాళాల లెక్కను పైసలతో సహా నోటీసు బోర్డు మీద రాయి, ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం గోడల మీద రాయించకు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చెప్పింది, కానీ వాళ్ళు సంతకం పెట్టి వెళ్ళిపోకుండా నోరు విప్పి మాట్లాడేలా చూసుకోవలసింది నీవే. సమావేశం రచ్చబండ దగ్గర పెట్టకు, గుడి మండపంలో అసలే పెట్టకు, ఎందుకంటే అక్కడ ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు నిలబడే ఉండాలో ఊరు ఎప్పుడో నిర్ణయించుకుని ఉంటుంది. బడిలోనే చాపలు పరిపించు. కూలికి వెళ్ళినవాళ్ళు ఇల్లు చేరి అన్నం వండుకునేసరికి పొద్దుగూకుతుంది కాబట్టి రాత్రి ఏడున్నరకు పెట్టు. కాలనీ తల్లులు రాకపోతే వాయిదా వేసి, నీవే వెళ్ళి పిలుచుకురా.

ఇక అసలు విషయానికి వస్తాను. దీన్ని మీ నాన్నకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

1997లో జన్మభూమి కార్యక్రమం మొదలైన ఏడాది నేను మార్కాపురం వైపు ఒక పల్లెలో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నాను. ఎక్కడ చూసినా శ్రమదానం మాట వినిపించే రోజులవి. అంతకు కొన్నాళ్ళ ముందే మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వారు నడిపే పల్లె బడులు చూసి వచ్చాను. ఒకే టీచరు వేరువేరు తరగతుల పిల్లలకు కార్డుల సాయంతో పాఠాలు నడపడం, పిల్లలు గుంపులుగా నేల మీద కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకోవడం, అవన్నీ నా కళ్ళలో నిలిచిపోయాయి. తిరిగి వచ్చి మా బడిని చూస్తే ఎర్రమట్టి, పల్లేరుకాయలు, మధ్యాహ్నానికి వచ్చి వరండాలో పడుకునే మేకలు. ఏ మొక్క పెట్టినా మేకలు మిగల్చలేదు. ముళ్ళకంప వేస్తే పిల్లల బట్టలు చిరుగుతాయి, ఇనుప తీగకు డబ్బు లేదు. అప్పుడే ఒక రైతు పొలం గట్టు మీద అడవి ఆముదం వరసగా పెంచి ఉండడం చూశాను. దాన్నే కొన్ని చోట్ల నేపాళం అంటారు, తరువాతి కాలంలో బయోడీజిల్ కోసమని జట్రోఫా పేరుతో ప్రచారం చేసిన మొక్క కూడా అదే. కొమ్మ విరిచి గుచ్చితే నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, మేక మూతి కూడా పెట్టదు. నేను వెతుకుతున్నది దొరికిందని సంబరపడ్డానే తప్ప, మేక ఎందుకు మూతి పెట్టదో ఒక్క క్షణం ఆలోచించలేదు.

శ్రమదానం రోజు నలభై మందికి తక్కువ కాకుండా వచ్చారు. మగవాళ్ళు గడ్డపారలతో గుంతలు తీశారు, ఆడవాళ్ళు బావి నుంచి బిందెలతో నీళ్ళు మోశారు, నేను తాడు పట్టుకుని వరస చూపించాను. ఎక్కడ తవ్వాలో చెప్పాను, ఎంత లోతు తీయాలో చెప్పాను, కొమ్మకూ కొమ్మకూ ఎంత ఎడం ఉండాలో చెప్పాను. ఆ రోజంతా ఏ ఒక్కరినీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సమాజ భాగస్వామ్యంతో కంచె వేశామని రిపోర్టు రాసి పంపితే పైవాళ్ళు మెచ్చుకున్నారు.

ఏడాది తిరిగేసరికి కంచె పిల్లల తలలు దాటి పెరిగింది. ఆ చెట్టు ఆకు తుంచితే తొడిమ చివర పల్చని జిగురు ఊరుతుంది. పిల్లలు ఈనెపుల్లను వలయంగా వంచి, ఆ జిగురులో తడిపి ఊదితే సబ్బు నీళ్ళలో వచ్చినట్టే బుడగలు వచ్చేవి. ఆ బుడగల మీద కదిలే రంగులు చూపిస్తూ నేనే కంచె పక్కన నిలబడి ఒక పాఠం చెప్పాను, అది ఎంత బాగా కుదిరిందో ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను కూడా. చొక్కాల మీద గోధుమరంగు మరకలు పడి ఎంత ఉతికినా వదలడం లేదని తల్లులు చెప్పుకున్నప్పుడైనా నాకు తట్టలేదు. ఆ చెట్టుతో ఆడుకోవచ్చని పిల్లలకు నేర్పినదాన్ని నేనే.

1998 నవంబరులో, వానలు పడి కాయలు బాగా కాసిన రోజుల్లో జరిగింది. అప్పటికి బడుల్లో వేడి భోజనం లేదు, మన రాష్ట్రంలో అది 2003 జనవరి నుంచి కదా వచ్చింది. ఆ రోజుల్లో హాజరు సరిపోయిన పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇంటికి ఇచ్చి పంపేవాళ్ళం. పొద్దున సద్దన్నం తిని వచ్చిన పిల్లవాడు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళినా, తల్లి పొలంలో ఉంటే ఖాళీ కడుపుతోనే తిరిగి వచ్చేవాడు. అటువంటి ఒక మధ్యాహ్నం మూడో తరగతి పిల్లవాడొకడు ఎండిన కాయను రాయితో చితక్కొట్టాడు. లోపల నల్లటి గింజలు ఉంటాయి, పైపెంకు తీస్తే తెల్లటి పప్పు వస్తుంది, అది వేరుశనగ పప్పులాగే కమ్మగా ఉంటుందట. వాడొక్కడే తినేసి ఊరుకోలేదు. ఏది దొరికినా అందరూ పంచుకుని తినాలని వాళ్ళకు చెప్పినదాన్ని నేనే. తనతో కలిపి పదకొండు మందిని కూర్చోబెట్టి, లెక్క తప్పకుండా పంచాడు. అందులో ఒకటో తరగతి చదివే వాడి చెల్లెలు కూడా ఉంది.

మొదట ఒకమ్మాయి కడుపునొప్పి అంటే, అరగలేదేమోనని వాము నమలమన్నాను. పావుగంట గడిచేసరికి నలుగురు వాంతులు చేసుకుంటున్నారు, ఆపైన అందరికీ విరేచనాలు మొదలయ్యాయి, గొంతు మండుతోందని ఏడుస్తున్నారు. ఏం తిన్నారని అడిగితే, తిడతానని భయపడి ఒక్కరూ చెప్పలేదు. గది వెనక బండ మీద నల్లటి పెంకుల కుప్ప కనిపించినప్పుడు నా కాళ్ళలో సత్తువ పోయింది. 108 వాహనాలు వచ్చింది 2005లో. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరు ట్రక్కులో గోతాలు పరిచి, పిల్లలందరినీ పడుకోబెట్టి, పద్నాలుగు కిలోమీటర్ల గతుకుల దారిలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. గింజలు పంచినవాడి చెల్లెలు, ఆ ఆరేళ్ళ పిల్ల, నా ఒళ్ళో ఉంది. దాని వేళ్ళు నా పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాను. బిందెలో నీళ్ళు తాకినట్టు ఉన్నాయి ఆ వేళ్ళు. దీనికి విరుగుడు మందు అంటూ లేదని, ఒంట్లో నీరు తగ్గిపోకుండా సెలైన్ ఎక్కించి కాపాడుకోవలసిందేనని డాక్టరు చెప్పారు. పది మంది మర్నాటికి లేచి కూర్చున్నారు. ఆ చిన్నపిల్ల రెండు రాత్రులు కళ్ళు సరిగా తెరవలేదు. మూడో రోజు పొద్దున ఇడ్లీ కావాలని అడిగింది.

అందరూ దక్కారు.

మేము తిరిగి వచ్చిన రోజు సాయంత్రం తండ్రులు వచ్చి కంచె మొత్తం పెరికి కుప్ప వేశారు. నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ కుప్ప పక్కన నిలబడి మేకలు కాసే అవ్వ ఒకామె, "అది విషపుకాయ అని మాకు తెల్సు టీచరమ్మా, మా మరిది కొడుకు చిన్నప్పుడు తిని సావు తప్పి బయటపడినాడు" అంది. ఆమె శ్రమదానానికి వచ్చింది, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళు మోసింది. మరి నాటే రోజున ఎందుకు చెప్పలేదని అడిగాను. "సదువుకున్నోళ్ళు గదమ్మా, అన్నీ తెలిసే నాటిస్తన్నారనుకున్నా. నన్నెవురు అడిగినారు?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు.

నేను ఊరిని చేతులు అడిగాను, చందా అడిగాను, ట్రాక్టరు అడిగాను. వాళ్ళకు తెలిసినది అడగలేదు, బుజ్జీ.

తరువాతి ఏడాది తొలకరికి కంచె ఎలా వేయాలో ఆ అవ్వే చెప్పింది. బయటి వరస వావిలి, లోపలి వరస గోరింట. వావిలి ఆకును మేకలు పెద్దగా ముట్టవు, అయినా అది విషం కాదు, బాలింతల స్నానపు నీళ్ళలో వేసే ఆకు. గోరింట కత్తిరించినకొద్దీ ఒత్తుగా చిగురిస్తుంది. రెండూ కొమ్మ గుచ్చితే బతికేవే. ఆషాఢం రాగానే గోరింటాకు కోసమని ఊరి ఆడవాళ్ళు సాయంత్రాలు బడికి రావడం మొదలుపెట్టారు. బాలింత ఉన్న ఇంటివాళ్ళు వావిలాకు కోసం వచ్చేవారు. అంతకుముందు టీసీ కావాలంటే తప్ప బడి వైపు రాని తల్లులు ఆకు కోసుకుంటూ కిటికీ దగ్గర ఆగి పిల్లలు ఎక్కాలు చెప్పడం వినేవారు, ఫలానా పిల్ల ఎందుకు రాలేదో నాకు చెప్పేవారు. కంచెలో సందు పడితే నాకంటే ముందు వాళ్ళకే తెలిసేది, వాళ్ళే కొమ్మ తెచ్చి గుచ్చేవారు. నేను ఎన్ని మీటింగులు పెట్టినా రాని మనుషులు గోరింటాకు కోసం వచ్చారు.

అందుకని ఈ ఆదివారం గడ్డపారలు తేవద్దని చెప్పు. శ్రమదానాన్ని ఒక వారం జరిపి, ఈ ఆదివారం అందరితో కలిసి ఆవరణ చుట్టూ నడువు. మేకలు, గేదెలు కాసేవాళ్ళను తప్పకుండా పిలువు, మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళను, పాత కాలపు మంత్రసాని ఉంటే ఆమెను కూడా పిలువు. వాన నీళ్ళు ఎటు పారతాయో, పాములు ఏ పుట్ట దగ్గర కనిపిస్తాయో, ఏ మొక్క తింటే పశువుకు జబ్బు చేస్తుందో, పూడ్చిన పాత బావి ఎక్కడ ఉందో అడుగు. పూడ్చిన బావి మీద నేల ఎప్పుడో ఒకనాడు కుంగుతుంది, దాని మీద అరుగు గాని ఇసుక గుంట గాని పెట్టకూడదు. చెప్పినదంతా వాళ్ళ ఎదుటే పుస్తకంలో రాసుకో. తమ మాట టీచరు రాసుకోవడం చూసినవాళ్ళు రెండో మాట కూడా చెబుతారు.

ఏ మొక్కలు రాకూడదో నన్ను అడగకపోయినా చెబుతాను. పచ్చగన్నేరు పూజకు పూలు ఇస్తుందని ఎవరో ఒకరు తెచ్చి నాటబోతారు, దాని గింజ ప్రాణం తీస్తుంది. ఎర్రగన్నేరు, ఆముదం, ఉమ్మెత్త, గురివింద వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు సంచులు తొడుక్కుని పెద్దవాళ్ళే పీకాలి. మునగ ఆకు మంచిదే, దాన్ని వంటగది వెనక పెట్టు, ఎందుకంటే వానాకాలంలో మునగ మానుకు గుంపులుగా పట్టే గొంగళి పురుగు తగిలితే పిల్లల ఒళ్ళు దద్దుర్లతో నిండిపోతుంది. తురాయి పూలు అందంగా ఉంటాయి కాని గాలివానకు కొమ్మలు ఫెళ్ళున విరుగుతాయి. నీడకు కానుగ, వేప చాలు.

అరుగు విషయానికి వస్తే, సిమెంటును వేప మొదలుకు ఆనించవద్దు. చుట్టూ కనీసం మూడడుగుల మట్టి వదిలేయి. మానుకు మేకులు కొట్టి బోర్డులు తగిలించకు. అరుగు ఎత్తు అడుగు దాటకూడదు, ఒకటో తరగతి పిల్లల పాదాలు నేలకు ఆనాలి. మేస్త్రి ఇప్పుడు నీడ చూసి గుర్తు పెడతానంటాడు, ఒప్పుకోకు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడ చెట్టు కిందే పడుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణానికి వాలి నీడ ఉత్తరానికి జరిగిపోతుంది. అందువల్ల కూర్చునే భాగం ఉత్తరం వైపు వెడల్పుగా ఉండాలి. ఖాళీ నేలలో నిటారుగా ఒక కర్ర పాతించి, దాని నీడ కొసను పిల్లల చేత ప్రతి శుక్రవారం గుర్తు పెట్టించు. కనిగిరి ప్రాంతంలో మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో ఆ కర్రకు నీడే ఉండదు. మేలో సెలవులు ఉంటాయి, ఆగస్టులో మబ్బు లేకపోతే పిల్లలు కళ్ళారా చూస్తారు. కర్ర కిందికి వంగి నీడ కోసం వెతికే పిల్లల ముఖాలు చూడడం కోసమే నేను ప్రతి ఏడూ ఆ రోజు సెలవు పెట్టేదాన్ని కాదు.

మార్కాపురం పలకల రాయి మనకు దగ్గరలో దొరుకుతుంది కదా అని నేను ఒకప్పుడు దాన్ని నేల మీద పరిపించాను. మార్చి నెల ఒంటిపూట బడి రోజుల్లో పది గంటలకే పిల్లల అరికాళ్ళు కాలాయి. దాన్ని గోడకు వాడు. ఉత్తరం వైపు చూసే గోడ మీద చాలా నెలలు నేరుగా ఎండ పడదు, అక్కడ నేల నుంచి అడుగున్నర ఎత్తులో పలకలు వరసగా బిగించి ప్రతి పిల్లకూ ఒక రాత పలక ఇవ్వు.

తోటలో మొదటి మడి తోటకూర కావాలి, నెల తిరిగేసరికి కోతకు వస్తుంది, ఆరేళ్ళ పిల్లలకు అంతకుమించి ఓపిక ఉండదు. భోజనం తరువాత పిల్లలు చేతులు, పళ్ళేలు కడిగే నీటిని చిన్న కాలువ తీసి మడులకు పారించు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ 12 దాకా బడి మూసి ఉన్నప్పుడు నీళ్ళు పోసేది ఎవరో ఇప్పుడే పేర్లతో సహా రాసుకోకపోతే, మళ్ళీ బడి తెరిచేసరికి ఎండుపుల్లలే మిగులుతాయి. మా బడిలో వంతులవారీగా ఐదు ఇళ్ళవాళ్ళు పోసేవారు, పండినదాంట్లో వాళ్ళకూ వాటా ఉండేది.

ఇంకొక మాట. లోపల చెప్పగలిగిన పాఠాన్నే తీసుకువచ్చి చెట్టు కింద చెప్పకు. రాత పని బయట సాగదు, గాలికి కాగితాలు ఎగురుతాయి, వెలుతురుకు కళ్ళు చికిలిస్తారు. కొలవడం, లెక్కపెట్టడం, పోల్చడం, ఎదురుచూడడం బయట చేయించు. మడి చుట్టుకొలతను తాడుతో కొలిచిన పిల్ల చుట్టుకొలత అంటే ఏమిటో మరచిపోదు.

రాళ్ళు, ఇటుకలు మిగిలితే ఆ రోజే తీయించు, కుప్పగా వదిలితే తేళ్ళు, కట్లపాములు చేరతాయి. ఉరుము వినిపించిన మరుక్షణం అందరినీ గదిలోకి తోలు, పాఠం సగంలో ఉన్నా సరే, చెట్టు కింద ఒక్క పిల్ల కూడా ఉండకూడదు. అక్టోబరు తుపానులకు ముందే ఎండుకొమ్మలు కొట్టించు. పిల్లలు ఏదైనా తిన్నారని అనుమానం వస్తే తిట్టకు, కొట్టకు, బలవంతంగా కక్కించకు. ఏం తిన్నా చెప్పవచ్చు, టీచరు ఏమీ అనదు అని బడి తెరిచిన మొదటి వారంలోనే వాళ్ళకు నమ్మకం కలిగించు. మిగిలిన గింజో ఆకో చేత పట్టుకుని 108కి ఫోన్ చెయ్యి.

ఇంత రాసి నిన్ను భయపెట్టానేమో తల్లీ. నీవు చేస్తున్నది మానుకోమని ఒక్క మాట కూడా అనడం లేదు. నీ చిన్నప్పుడు మా బడి కంచె పక్కన కూర్చుని గోరింట పూత వాసన చూస్తూ సాయంత్రం దాకా లేచేదానివి కాదు, మీ అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. ఆ పిల్లే ఇవాళ నలభై ముగ్గురికి అటువంటి చోటు కట్టాలనుకుంటే నాకు అంతకన్నా కావలసింది ఏముంది? మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గితే ఆషాఢం లోపే వస్తాను, నాతో పాటు గోరింట కొమ్మలు తడి గోనెలో చుట్టి తెస్తాను.

ఆ మోపులో ఒక కొమ్మ తీసి కణుపు దగ్గర కత్తితో కొయ్యి. పల్చని జిగురు కారి, ఆరిన తరువాత ఎర్రటి గోధుమరంగు మరక పడితే అది అడవి ఆముదమే. పడినా పడకపోయినా, కోసిన కొమ్మను ఒక ఆకుతో సహా ఫోటో తీసి ఈ సాయంత్రమే పంపు. అంతవరకు మోపును గదిలో పెట్టి తాళం వేయించు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య